కాటా మామయ్య చేతివాటం

మా మామయ్య ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి బరువు తేల్చందే దాని గురించి రెండో మాట మాట్లాడడు. పుస్తకమిస్తే తెరవడు. ముందు అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ రెండుసార్లు ఆడించి, "మూడొందల నలభై" అంటాడు. అప్పుడు గానీ అట్ట మీద పేరు చూడడు. కొత్త చొక్కా కొనిచ్చి రంగు నచ్చిందా అని అడిగితే, "నూట తొంభై. పర్లేదు" అంటాడు. ఆ పర్లేదు రంగుకో బరువుకో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు పార్సెల్ ఆఫీసులో కాటా దగ్గర పనిచేశాడు. వచ్చిన మూటనల్లా ఎత్తి కాటా మీద పెట్టడం, ముల్లు చూసి బరువు రాయడం, మళ్ళీ ఎత్తి బండిలోకి చేర్చడం, ఇదీ ఉద్యోగం. మొదటి ఐదేళ్ళూ ముల్లు చూసి రాశాడట. తర్వాత ఐదేళ్ళూ రాసి ముల్లు చూశాడట. ఆ పైన ముల్లే ఆయన ఏం రాశాడో చూసి అక్కడ ఆగేదని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. అక్కడే ఆయనకి కాటా అని పేరు పడింది, ఇంట్లో మాకు కాటా మామయ్య అయ్యాడు. రిటైరైన రోజున ఆఫీసువాళ్ళంతా కలిసి గోడ గడియారం బహూకరిస్తే, వేదిక మీదే దాన్ని చేతిలో ఆడించి, "ఆరొందల పది" అని మైకులో చెప్పి వచ్చి కూర్చున్నాడు. వీడ్కోలు ప్రసంగం అంతే.

నేను పుట్టినప్పుడు ఆస్పత్రిలో నన్ను చేతుల్లోకి తీసుకుని, "రెండు కిలోల ఎనిమిది వందలు" అన్నాడట. నర్సు కాగితం చూసి, "రెండు ఏడొందలండీ" అంది. మామయ్య నన్ను మరోసారి ఆడించి, "తువ్వాలు వంద" అని ఆ సంగతి అక్కడితో తేల్చేశాడు. మా అమ్మ ఇప్పటికీ ఈ కథ చెప్పి, "మా అన్నయ్య చెయ్యి తప్పదు" అంటుంది. మిగతా విషయాల్లో అన్నయ్య ఏం చెప్పినా అడ్డం తిరిగే మనిషి ఈ ఒక్క దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని నమ్ముతుంది.

రొట్టెల షాపులో ప్యాకెట్టు మీద నాలుగొందల గ్రాములని రాసుంటుంది. మామయ్య దాన్ని ఎత్తి, "మూడొందల ఎనభై అయిదు" అని ఎక్కడిదక్కడ పెట్టేస్తాడు. పోట్లాడడు, గొంతు పెంచడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు మాత్రం తమ ప్యాకెట్లు కూడా ఆడించి చూసుకోవడం మొదలుపెడతారు. ఈ గోల పడలేక రొట్టెలాయన రోజూ మామయ్య కోసం ఒక ప్యాకెట్టు తూచి విడిగా తీసిపెడుతున్నాడు. దాన్ని అందుకుని, "నాలుగొందల అయిదు. ఎక్కువిచ్చారు" అని దాన్నీ వెనక్కి ఇచ్చిన రోజు ఒకటుంది.

ఇంత నిక్కచ్చి మనిషిలో మాకు కనిపించే లోపం ఒక్కటే. మాదీ ఆయనదీ నాలుగో అంతస్తు, ఎదురెదురు తలుపులు. లిఫ్టు కోసం వదిలిన సందులో అందరూ సైకిళ్ళు పెట్టుకుంటారు. సామాన్లతో ఎవరు కలిసినా మామయ్య మెట్ల దగ్గర ఆగి రెండు సంచులూ ఎత్తి చూస్తాడు. "ఇది ఆరున్నర, ఇది నాలుగు. నేను ముసలాణ్ణి, నాలుగు నాకియ్యి. వయసులో ఉన్నావు, ఆరున్నర నువ్వు మొయ్యి" అంటాడు. ఏ మొహమాటమూ లేదు. నాకే కాదు, మా అమ్మకీ, అత్తయ్యకీ, మూడో అంతస్తులో ఉండే పాఠాలు చెప్పే టీచరమ్మకీ ఇదే వరస. "అంత చెయ్యి ఉండి ఏం లాభం, బరువు ఎగ్గొట్టడానికే" అని టీచరమ్మ నా ముందే అంది. నాకు ఉడుకుమోత్తనం వచ్చింది కానీ, కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అలాంటి మామయ్యని వెంటబెట్టుకుని నా మొట్టమొదటి గేమింగ్ కంప్యూటర్‌కి విడిభాగాలు కొనడానికి వెళ్ళాల్సి వచ్చింది.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. రోజంతా జనం కళ్ళకి అద్దాలు మార్చి మార్చి, "ఇప్పుడు కనిపిస్తోందా?" అని అడుగుతుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి మా కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురితో కలిసి నెట్‌లో ఆట ఆడతాను. నలుగురం ఒక జట్టు. నా దగ్గరున్నది నాన్న ఆఫీసులో వదిలించుకున్న పాత ల్యాప్‌టాప్. ఆట రసపట్టులో పడగానే అది మూలుగుతుంది, కాలుతుంది, తెర మీద బొమ్మ ఆగిపోతుంది. నా తెర ఆగినా అవతలివాళ్ళ తెర ఆగదు కదా. వాళ్ళ కంటికి నేను బతికున్న మనిషిని కాదు, గురి చూసుకోవడానికి నిలబెట్టిన బొమ్మని.

పై ఆదివారం మా జట్టు మొదటిసారి పోటీలో ఆడబోతోంది. మా కెప్టెన్ పగలు పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా చేస్తుంది కాబట్టి, నొప్పి పెట్టే మాట మెల్లగా చెప్పడం ఆమెకి అలవాటు. "ఆదివారానికల్లా నీ దగ్గర మంచి కంప్యూటర్ లేకపోతే నీ చోట్లో మా పిన్ని కూతురు ఆడుతుంది. ఏమీ అనుకోకు" అంది. ఏమీ అనుకోనన్నాను. చాలా అనుకున్నాను. రెండేళ్ళుగా కలిసి ఆడుతున్న జట్టులో నా చోటు పోతుందంటే రెండు రోజులు అన్నం సయించలేదు. పద్నాలుగు నెలలు దాచుకున్న డబ్బు ఒక కంప్యూటర్‌కి అతి కష్టం మీద సరిపోతుంది. తప్పు కొంటే సరిదిద్దుకోవడానికి ఇంకో పద్నాలుగు నెలలు పడుతుంది.

"అంత డబ్బు పట్టుకుని ఒక్కదానివే వెళ్తావా? మామయ్యని తీసుకెళ్ళు" అంది అమ్మ.

"మామయ్యకి కంప్యూటర్ల గురించి ఏం తెలుసమ్మా?"

"నాకన్నా ఎక్కువే తెలుసు."

"నీకేం తెలుసు?"

"ఏమీ తెలీదు" అంది అమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.

కెప్టెన్ నాకు జాబితా రాసిచ్చింది. ఆట బొమ్మల్ని తెర మీద పరిగెత్తించేది గ్రాఫిక్స్ కార్డు, ఉన్న డబ్బులో సగం దానికే పోవాలి. మిగతా సగంలో మిగతావన్నీ సర్దుకోవాలి. ఎక్కడైనా తగ్గించాల్సి వస్తే పవర్ సప్లై దగ్గర తగ్గించాలి. గోడలోంచి వచ్చే కరెంటుని లోపలి భాగాలన్నిటికీ పంచే డబ్బా అది. "అది ఆడదు, కనపడదు. నాదీ చవకదే, రెండేళ్ళ నుంచీ నడుస్తోంది" అంది కెప్టెన్. ఈ కాగితం మామయ్య చేతికిస్తే రెండు వేళ్ళతో ఎత్తి, "నాలుగు గ్రాములు" అని మళ్ళీ నాకే ఇచ్చేశాడు.

షాపు మెట్ల కింది గదిలో ఉంది. గోడల నిండా అట్టడబ్బాలు, నడుమ గాజు బల్ల, దాని వెనక గొలుసు కళ్ళజోడు పెట్టుకున్న షాపావిడ. నేను జాబితా చదువుతుంటే ఆవిడ ఒక్కొక్క డబ్బా తీసి బల్ల మీద పెడుతోంది, మామయ్య ఒక్కొక్కటీ ఎత్తి అంకె చెబుతున్నాడు. మదర్‌బోర్డు కిలో వంద. గ్రాఫిక్స్ కార్డు కిలో యాభై. ప్రాసెసర్ డబ్బా నాలుగొందల ఎనభై. మొదటి రెండిటికీ ఆవిడ నవ్వింది. మూడోది చెప్పగానే డబ్బా తిప్పి, అడుగున అచ్చేసిన బరువు చదివి, నవ్వడం మానేసింది.

ప్రాసెసర్ దగ్గర పేచీ వచ్చింది. డబ్బా కాదు, లోపలి వస్తువు చూస్తానన్నాడు మామయ్య. ఆవిడ నమూనా కోసం ఉంచిన పాతదొకటి తెచ్చి అరచేతిలో పెట్టింది.

"ముప్పై ఏడు గ్రాములు" అన్నాడు. మళ్ళీ ఆడించి చూసి, "ఇంత డబ్బుకి ముప్పై ఏడు గ్రాములా?" అన్నాడు.

"కంప్యూటర్‌కి మెదడు ఇదేనండీ."

"మెదడు కిలో మూడొందలుంటుంది."

"తూచారా?" అంది ఆవిడ.

"పార్సెల్లో ఎప్పుడూ రాలేదు. ఎక్కడో చదివాను" అని మామయ్య నిజం ఒప్పుకున్నాడు.

ర్యామ్ దగ్గర మాత్రం నేను తెల్లబోయాను. పదహారు జీబీ పట్టీ ఒక్కటి తీసుకోవాలా, ఎనిమిదివి రెండు తీసుకోవాలా అని నేను గింజుకుంటుంటే మామయ్య జీబీ అంటే ఏమిటని కూడా అడగకుండా, "పదహారు ఒక్క చేత్తో మొయ్యడం కన్నా రెండు చేతుల్తో ఎనిమిదేసి మొయ్యడం సుఖం. వేగంగా నడవొచ్చు" అన్నాడు. షాపావిడ కళ్ళజోడు సర్దుకుని, "సరిగ్గా అందుకేనండీ రెండు పెట్టుకునేది" అంది. ఆ క్షణం నుంచీ ఆవిడ నాతో మాట్లాడడం తగ్గించి మామయ్యతోనే మాట్లాడింది.

"మరి ఆట? అదేది?" అన్నాడు మామయ్య, బల్లంతా వెతికి.

"అది డబ్బాలో రాదు మామయ్యా. నెట్‌లోంచి దిగుతుంది. నూట ఇరవై జీబీ."

"అంటే ఎన్ని కిలోలు?"

"బరువుండదు."

"నూట ఇరవై ఉంటుంది, బరువుండదు" అని మామయ్య రెండుసార్లు గొణుక్కున్నాడు. అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకోలేదు. ఎవరో నన్ను మోసం చేస్తున్నారని జాలిపడ్డాడు.

చివరికి కెప్టెన్ జాబితాలోని పవర్ సప్లై బల్ల మీదికొచ్చింది. ఎర్ర డబ్బా, మీద మెరుపు బొమ్మ. మామయ్య ఎత్తాడు. ఎత్తిన వేగానికి చెయ్యి భుజం దాటి పైకి పోయింది.

"తొమ్మిది వందలు. దీంట్లో ఏమీ లేదమ్మలూ."

"ఉంటుంది మామయ్యా, సీలు కూడా ఉంది."

"సీలుంది. సరుకు లేదు." ఆవిడ వైపు తిరిగి, "ఇదే పని చేసేది ఇంకోటి చూపించండి" అన్నాడు. ఆవిడ నల్ల డబ్బా ఒకటి రెండు చేతుల్తో తెచ్చింది. మామయ్య దాన్ని ఎత్తి, దింపకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు. "రెండు కిలోల నూట యాభై. ఇదీ మోతగాడంటే."

నల్లది కొనాలంటే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు కిందిది తీసుకోవాలి. షాపు బయటికొచ్చి కెప్టెన్‌కి ఫోన్ చేశాను.

"బరువు చూసి కొంటున్నారా? అవేమన్నా వంకాయలా?" అంది కెప్టెన్. "కార్డు తగ్గిస్తే ఆదివారం నువ్వే ఇబ్బంది పడతావు. తర్వాత నన్నేమీ అనొద్దు."

లోపలికొచ్చాను. మామయ్య నల్ల డబ్బాని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "నీ డబ్బు, నీ ఇష్టం. మంచిదా చెడ్డదా నాకు తెలీదు. ముప్పై ఒక్క ఏళ్ళు మూటలెత్తాను, ఖాళీ డబ్బా అయితే చేతికి తెలుస్తుంది" అన్నాడు. పళ్ళ డాక్టరు నర్సు మాట ఒక పక్క, నన్ను తువ్వాలుతో సహా తూచిన చెయ్యి ఒక పక్క. నేను చేతి వైపు మొగ్గాను. కార్డు కిందిది, పవర్ సప్లై నల్లది. "సీలు తియ్యకపోతే రేపు సాయంత్రం దాకా మార్చుకోవచ్చు" అని షాపావిడ బిల్లు మీద రాసిచ్చింది.

ఇంటి మెట్ల దగ్గర మామూలు తంతు జరిగింది. ఒక పక్క కంప్యూటర్ భాగాలన్నీ బిగించుకునే ఇనప పెట్టె, క్యాబినెట్టంటారు, దాని పెద్ద అట్టపెట్టె. దాని మీదే నల్ల డబ్బా పెట్టించి తాడుతో కట్టించాడు మామయ్య. రెండో పక్క మిగతావన్నీ ఉన్న సంచి. రెండూ ఎత్తి చూశాడు.

"చూడ్డానికి పెద్దగా ఉంది గానీ అట్టపెట్టె నిండా థర్మోకోలే. అంతా కలిపి నాలుగున్నర. సంచి ఏడు. ఏడు నువ్వు తీసుకో."

ఎప్పటిలాగే సణుక్కుంటూ సంచి భుజాన వేసుకున్నాను. మామయ్య ఏడంటే నా భుజానికి ఏడే. మూడో అంతస్తుకి వచ్చేసరికి నాకు ఆయాసం వచ్చింది కూడా.

మర్నాడు సాయంత్రం పని నుంచి తొందరగా వచ్చి అట్టపెట్టెని గోడవారకి జరుపుతుంటే దాని పక్కన అంటించిన కాగితం కనపడింది. బరువు ఆరు కిలోల ఎనిమిది వందలు. ఒక్క క్యాబినెట్టే. మామయ్య నల్ల డబ్బాతో కలిపి నాలుగున్నరన్నాడే? రొట్టె ప్యాకెట్టు లాగే ఇక్కడా అబద్ధం అచ్చేశారనుకున్నాను. డాక్టరు బరువు తగ్గమన్నాక నాన్న కొని, ఒక్కసారి ఎక్కి, మంచం కిందికి తోసేసిన మిషనుంది. దాన్ని లాగి, నల్ల డబ్బా విప్పి పక్కన పెట్టి, అట్టపెట్టె పెట్టాను. ఆరు ఎనిమిది వందలు. సంచి పెట్టాను. మామయ్య ఏడన్నది రెండు కిలోల ఏడొందలు చూపించింది.

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. మామయ్య చెయ్యి తప్పింది. పది గ్రాములు కాదు, కిలోలకి కిలోలు తప్పింది. ఆ చేతిని నమ్మి నేను కార్డు తగ్గించుకుని నల్ల డబ్బా తెచ్చుకున్నాను. షాపు మూసేలోగా మార్చుకోవాలి, లేదంటే డబ్బూ పోయింది, ఆదివారమూ పోయింది. అమ్మకి చెబితే ఆవిడకి కంప్యూటర్ గొడవే పట్టలేదు.

"అన్నయ్యకి చెయ్యి పోయిందా?" అని నా పక్కనే నేల మీద కూర్చుంది. "ఆయనకి తెలుసంటావా?"

"తెలిస్తే అంత ధీమాగా ఎందుకు చెబుతాడు?"

"ఎవరూ చెప్పొద్దు. ఆయనకి ఇంకేముందే" అంది అమ్మ. నాకూ ఏడుపొచ్చినంత పనైంది. కంప్యూటర్ పోతే పద్నాలుగు నెలల్లో ఇంకోటి కొనుక్కుంటాను. ఆ చెయ్యి పోతే మామయ్య దేంతో మాట్లాడతాడు? ఏమిచ్చినా ఊరికే చేతిలో పట్టుకుని కూర్చునే మామయ్యని ఊహించుకోలేకపోయాను.

అదే సమయానికి ఎదురింట్లోంచి అత్తయ్య కత్తెర కోసం వచ్చింది. నేల మీద మేమిద్దరం, మధ్యలో బరువు మిషను, దాని మీద నా సంచి. ఏం జరిగిందని అడిగింది. చెప్పాం. అత్తయ్య గుమ్మంలోంచి మెట్ల వైపు తొంగి చూసి, తలుపు దగ్గరికి వేసి, నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే.

"షాపులో ఒక్కోదానికీ ఏం చెప్పారో గుర్తుందా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

గుర్తుంది. వంటింటి కాటా తెచ్చి ఒక్కో డబ్బా పెట్టాను. గ్రాఫిక్స్ కార్డు మారింది కానీ కొత్తదానికీ మామయ్య అంకె చెప్పాడు, తొమ్మిది వందల ఎనభై. కాటా తొమ్మిది వందల ఎనభై చూపించింది. మదర్‌బోర్డు కిలో వంద. ప్రాసెసర్ డబ్బా నాలుగొందల ఎనభై. ర్యామూ, చిన్నచిన్నవీ కలిపి నూట నలభై. నల్ల డబ్బా రెండు నూట యాభై. ఒక్కటీ తప్పలేదు. సంచిలోవి కూడితే సరిగ్గా రెండు కిలోల ఏడొందలు.

"విడివిడిగా తెలిసిన మనిషికి కలిపితే తెలీదా?" అంది అత్తయ్య. "చెయ్యి తప్పలేదే, నోరు తప్పింది. మెట్ల దగ్గర ఎప్పుడూ తప్పుతుంది."

"అంటే?"

"అంటే నీకిచ్చిన దానికి ఎక్కువ చెబుతారు, తనకి ఉంచుకున్నదానికి తక్కువ చెబుతారు. పెళ్ళైన కొత్తలో రైలు దిగి నడుస్తుంటే నా చేతికో పెట్టె ఇచ్చి, పదిహేను కిలోలు జాగ్రత్త అన్నారు. లోపల నా చీరలు రెండే ఉన్నాయని నాకు తెలీదూ? పాపం ఆయన మెడ నరాలు ఉబ్బిపోతున్నాయి రెండో పెట్టెతో. నాది తేలిగ్గా ఉందని చెబుదామనుకున్నాను. మళ్ళీ ఎందుకులే అని, అమ్మో నడుం పోయింది అన్నాను. ముప్పై మూడేళ్ళ నుంచీ అంటూనే ఉన్నాను."

అమ్మ నోరు తెరుచుకుని వింటోంది. "మరి నాతో ఎందుకు చెప్పలేదు వదినా? నేను ఆయన్ని బద్ధకస్తుడని ఎన్ని మాటలన్నాను."

"బరువుది నేను మోస్తానంటే మీరెవరైనా ఊరుకుంటారా? అన్నయ్యా వద్దు, నువ్వు పెద్దవాడివి, నేను తెస్తానని మెట్ల మీద లాక్కుంటారు. అదే బద్ధకస్తుడంటే తిట్టుకుంటూ చిన్నది పట్టుకుని నడుస్తారు. కొందరికి చేతివాటం ఉంటుంది, పక్కవాడి సంచిలోంచి డబ్బులు లాగుతారు. మీ అన్నయ్య కిలోలు లాగుతారు." కత్తెర తీసుకుని లేచింది. "ఆయనకి మాత్రం తెలియనివ్వకండి. దొరికిపోయానని తెలిస్తే ఆ సుఖం కూడా ఉండదు."

అమ్మ మూడో అంతస్తు టీచరమ్మకి ఇప్పుడే వెళ్ళి చెప్పొస్తానని లేచింది, తర్వాత చెప్పకూడదని గుర్తొచ్చి కూర్చుంది. నేను నల్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని దాని సీలు చింపేశాను. షాపు మూసే వేళ ఇంకా కాలేదు.

శనివారం కెప్టెన్ వచ్చి మూతి ముడుచుకుంటూనే నాకు సాయం చేసింది. మామయ్య స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో మరనీ చేతికందించాడు, ప్రతిదానికీ "గ్రాము లేదు" అంటూ. స్విచ్చి నొక్కగానే పంకాలు తిరిగాయి, తెర వెలిగింది. ఆట దించుకోవడం మొదలుపెట్టే ముందు మామయ్య క్యాబినెట్టుని ఒకసారి ఎత్తి చూశాడు. మూడు గంటల తర్వాత నూట ఇరవై జీబీలూ దిగాక మళ్ళీ ఎత్తాడు.

"తేడా లేదు" అన్నాడు, చాలా దిగులుగా. "అంకుల్, మీరు ఇంకోసారి ఎత్తితే కేబుల్ ఊడుతుంది" అంది కెప్టెన్.

ఆదివారం పోటీలో నేను ఆడాను. బొమ్మల సోకు ఒక మెట్టు తగ్గించుకున్నాను, అంతే. నా తెర ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు రౌండ్లు గెలిచాం. మూడో రౌండు నడి మధ్యలో, అవతలి జట్టు నలుగురూ మీదపడుతున్నప్పుడు, మా కెప్టెన్ గొంతు టప్పున ఆగిపోయింది. మిగతా ముగ్గురం ఎంత పిలిచినా పలకలేదు. మేం చేతనైనంతసేపు నిలబడి ఓడిపోయాక ఫోన్ వచ్చింది.

"మొత్తం చీకటైపోయింది" అంది కెప్టెన్. "వెనకనుంచి ఏదో కాలిన వాసన."

"పవర్ సప్లైయా?"

"మీ మామయ్యకి బుధవారం ఖాళీ ఉంటుందేమో అడుగు" అంది కెప్టెన్. వచ్చే నెల పోటీకి కూడా నా పేరే రాశానని, అడక్కుండానే చెప్పింది.

బుధవారం కెప్టెన్‌కి నల్ల డబ్బా ఇప్పించి పంపించాక, మామయ్యా నేనూ పక్క షాపులో నా కంప్యూటర్‌కి ఒక బల్ల కొన్నాం. అప్పటిదాకా దాన్ని ఇస్త్రీ బల్ల మీద నడుపుతున్నాను, చొక్కా నలిగితే నాన్న అలుగుతున్నాడు. బల్ల రెండు కట్టలుగా వచ్చింది, ఇనప కాళ్ళు ఒకటి, పైన పరిచే చెక్క పలక ఒకటి. ఆటో మా మెట్ల ముందు ఆగింది. మామయ్య డబ్బులిచ్చి ఇటు తిరిగేలోగా నేను రెండు కట్టలూ ఎత్తి చూసేశాను. పలక చేతుల్లోంచి జారబోయింది. కాళ్ళ కట్ట దాంట్లో మూడో వంతు కూడా లేదు.

"మామయ్యా, కాళ్ళు ఇనుము కదా, పదకొండు కిలోలున్నాయి" అన్నాను. "పలక ఒట్టి అట్ట, నాలుగు. నాకివ్వాళ నడుం పట్టేసింది. పదకొండు నువ్వు మొయ్యి."

పలక నా వైపు లాక్కుని, కాళ్ళ కట్ట ఆయన చేతుల్లో పెట్టాను. మామయ్య దాన్ని అలవాటుగా పైకీ కిందికీ ఆడించాడు. ఆ చెయ్యి సగంలో ఆగిపోయింది. నా మొహం వంక చూశాడు, పలక వంక చూశాడు, దాన్ని పట్టుకున్న నా చేతుల వంక చూశాడు. పదిహేను గ్రాములు తగ్గితే రొట్టె, అయిదు గ్రాములు పెరిగితే అదే రొట్టె వెనక్కిచ్చేసిన మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళలో తప్పు తూకం ఒక్కటి తన ముందు నుంచి పోనివ్వని మనిషి.

"పదకొండు కాదు" అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"పన్నెండుంటుంది" అని కట్ట భుజానికెత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండో అంతస్తు చేరేసరికి గట్టిగా ఆయాసపడ్డాడు కూడా.